రాక్ ఆల్బమ్‌కి ‘క్లీన్’ సౌండ్ ఎంత అవసరం? డబ్బిచ్చి మా పాటని పాడు చేసుకున్నాక నా అభిప్రాయం

ఇయర్‌బడ్స్ రివ్యూ చేసేటప్పుడు నా దగ్గర ఒక ప్లేలిస్ట్ ఉంటుంది. ఎనిమిది పాటలు. ఏ జత వచ్చినా అవే పాటలు, అదే వాల్యూమ్, వీలైతే అదే చోటు. ఆ చోటు చాలాసార్లు హిందూపురం నుంచి బెంగళూరు వెళ్లే రైలు. గౌరిబిదనూరు దాటేలోపు బాస్ సంగతి తేలిపోతుంది, యలహంక వచ్చేసరికి చెవి నొప్పి సంగతి తేలిపోతుంది.

ఆ ఎనిమిదింటిలో ఒక పాట మాత్రం 1,500 రూపాయల బడ్స్‌లోనూ, 20,000 రూపాయల బడ్స్‌లోనూ ఒకేలా ఉంటుంది. ఒకేలా అంటే ఒకేలా చెత్తగా. ఎల్‌డీఏసీ ఆన్ చేసినా అంతే, ఈక్వలైజర్‌తో అరగంట కుస్తీ పట్టినా అంతే. ఆ పాట మాదే. నేనూ, ముగ్గురు ఫ్రెండ్సూ కలిసి 48,000 రూపాయలు పోసి చేయించుకున్న నాలుగు పాటల్లో మొదటిది.

ఇక్కడ మనం ఎప్పుడూ పాటని వినిపించే వస్తువుల గురించే మాట్లాడుకుంటాం. డ్రైవర్ ఎన్ని మిల్లీమీటర్లు, ఏ కోడెక్, ఏఎన్‌సీ ఎన్ని డీబీ. ఆ వస్తువులోకి వచ్చే పాటని ఎవరు ఎలా తయారు చేశారన్నది పెద్దగా పట్టించుకోం. రాక్, పంక్ వినేవాళ్లకి మాత్రం అసలు కథంతా అక్కడే ఉంది. కాబట్టి ఈసారి రివ్యూ కాదు, కొంచెం కడుపుమంట. భరించండి.

ఫోన్‌లో పుట్టిన డెమో

మా బ్యాండ్ పేరు చెప్పుకునేంత పెద్దదేం కాదు, వదిలేయండి. బీటెక్‌లో కలిశాం. నాది హిందూపురం, గిటార్ వాయిస్తా. బాస్ వాయించేవాడిది పెనుకొండ. పాడేవాడిదీ, డ్రమ్మర్‌దీ ధర్మవరం. డ్రమ్మర్ నాకంటే రెండేళ్లు చిన్న, నన్ను అన్నా అంటాడు. వాళ్లింట్లో పట్టు చీరల మగ్గం ఉంది, అమ్మా నాన్నా ఇద్దరూ నేస్తారు. డ్రమ్ కిట్ అంటే ఏంటో తెలియక ముందే వాడు జాతరల్లో తప్పెట కొట్టేవాళ్ల వెనక తిరిగి చేయి తిప్పడం నేర్చుకున్నాడు. అందుకేనేమో వాడికో అలవాటు ఉంది. కోరస్ రాగానే వేగం కొద్దిగా పెరుగుతుంది. వాడికి తెలిసి కాదు, దానంతటదే. వాడితో కలిసి వాయిస్తుంటే కొండ దిగే బస్సులో కూర్చున్నట్టు ఉంటుంది, బ్రేకులున్నాయో లేవో తెలీదు.

వాళ్లింట్లో మగ్గం పక్క గదిలోనే డెమో రికార్డ్ చేశాం. మొదటిసారి ఫోన్‌ని డ్రమ్స్ ముందు కుర్చీ మీద పెట్టి మామూలు రికార్డర్ నొక్కాం. విని నవ్వుకున్నాం. కిక్ పడగానే మిగతా శబ్దమంతా మునిగిపోయి, అర సెకను తర్వాత ఊపిరి తీసుకున్నట్టు పైకి లేస్తోంది. సింబల్స్ నీళ్లలో నానబెట్టినట్టున్నాయి.

కారణం ఫోన్లో ఉండే ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్. అది మాటల కోసం పెట్టింది. మెల్లగా మాట్లాడితే పెంచుతుంది, అరిస్తే తగ్గిస్తుంది. డ్రమ్స్ అంటే సెకనుకి నాలుగైదు అరుపులు, మధ్యలో నిశ్శబ్దం. పాపం దానికి ఏం చేయాలో తెలీదు. దానికి తోడు నాయిస్ సప్రెషన్. దాని లెక్కలో మనిషి గొంతు తప్ప మిగతాదంతా చెత్తే. సింబల్ మోత దానికి ఫ్యాన్ గాలికీ ప్రెషర్ కుక్కర్‌కీ మధ్య ఏదో ఒకటి, అందుకని తుడిచేస్తుంది. ఇవి చాలవన్నట్టు, దగ్గర్లో కొట్టిన స్నేర్ 120 డీబీ దాటగలదు. ఫోన్లో ఉండే చిన్న మైకులు చాలావరకు 120, 130 మధ్యలోనే చేతులెత్తేస్తాయి.

ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్ రాసేవాళ్లకి ‘అన్‌ప్రాసెస్డ్’ అనే ఆడియో సోర్స్ ఒకటి ఉంది. ఫోన్ సపోర్ట్ చేస్తే, ఈ తెలివితేటలేవీ కలపకుండా మైక్‌లో పడింది పడినట్టు ఇస్తుంది. ఒక ఆదివారం కూర్చుని దాన్ని వాడే బుల్లి రికార్డర్ రాశా (నా బీటెక్ నాకు ఉపయోగపడిన అరుదైన సందర్భం). ఫోన్‌ని తీసుకెళ్లి గది బయట, గడప అవతల స్టూల్ మీద పెట్టాం. నలుగురం ఒకేసారి వాయించాం.

వచ్చింది గొప్ప రికార్డింగ్ అని అనను. గొంతులో సగం మాటలు అర్థం కావు. గిటార్ గోడలోంచి వస్తున్నట్టుంటుంది. మధ్యలో వాళ్లమ్మ మగ్గం టక్ టక్. అయితే కోరస్ రాగానే డ్రమ్స్ పరుగెత్తడం, వెనక మేం ముగ్గురం పడుతూ లేస్తూ పరుగెత్తడం అందులో ఉంది. హాస్టల్ ఫ్రెండ్స్‌కి వినిపిస్తే ఇంకోసారి పెట్టమన్నారు. ఆ ‘ఇంకోసారి పెట్టు’ అన్న మాటే మాకు డబ్బు ఖర్చు పెట్టే ధైర్యం ఇచ్చింది.

“స్నేర్ బాగుందన్నా. ఎవరిది?”

బెంగళూరులో ఒక స్టూడియో చూసుకున్నాం. పాటకి 12,000. అక్కడి ఇంజినీర్ మర్యాదస్తుడు, పని వచ్చినవాడు, చెప్పిన టైముకి ఫైల్స్ ఇచ్చాడు. ఆయన్ని నేను తప్పు పట్టట్లేదు. ఎందుకంటే ఆయనకి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది నేను. “సార్, నిర్వాణా నెవర్‌మైండ్ లాగా ఫుల్ ప్రొఫెషనల్‌గా రావాలి, ఎక్కడా తప్పు వినపడకూడదు.”

తప్పు వినపడకూడదు అన్నాం, ఆయన వినపడకుండా చేశాడు. ముందు అందరి చెవిలో క్లిక్ పెట్టారు, అంటే మెట్రోనోమ్. ఒక్కొక్కరిని విడివిడిగా వాయింపించారు. తర్వాత డ్రమ్స్‌లో ప్రతి దెబ్బనీ కంప్యూటర్లో గ్రిడ్ మీదికి జరిపారు. జరిపాక కిక్, స్నేర్ సౌండ్ తీసేసి వాటి స్థానంలో రెడీమేడ్ శాంపిల్స్ పెట్టారు. ప్రతి స్నేర్ దెబ్బా ఒకే స్నేర్ దెబ్బ, కాపీ పేస్ట్. గొంతుకి పిచ్ కరెక్షన్. నా గిటార్ యాంప్ తీసేసి ప్లగిన్. చివర్లో లిమిటర్ పెట్టి మొత్తాన్ని మైనస్ 7 ఎల్‌యూఎఫ్‌ఎస్ దాకా నెట్టారు. ఎల్‌యూఎఫ్‌ఎస్ అంటే పాట మొత్తం మీద మన చెవికి ఎంత గట్టిగా అనిపిస్తుందో కొలిచే లెక్క. సున్నాకి ఎంత దగ్గరైతే అంత గట్టి.

ఫైల్స్ వచ్చిన రోజు పెనుకొండలో కలిశాం. ఒక ఫ్రెండ్ దగ్గర సెల్టోస్ ఉంది. మా వైపు ఇప్పుడు ఆ కారు లేని వీధి లేదు, ఫ్యాక్టరీ ఎర్రమంచిలోనే కదా. అందులో బోస్ సిస్టం ఉంది కాబట్టి కార్ టెస్ట్ అక్కడే పెట్టాం. కోట కొండ కింద నీడలో కారు ఆపి, అద్దాలు మూసి, పాట వేశాం.

మొదటి ముప్పై సెకన్లు ఒళ్లు జలదరించింది. నిజంగా. ‘అరే, మనమేనా’ అనిపించింది. డ్రమ్మర్ వెనక సీట్లో కూర్చుని ఏం మాట్లాడలేదు. పాట అయిపోయాక అన్నాడు, “స్నేర్ బాగుందన్నా. ఎవరిది?”

ఎవరూ జవాబు చెప్పలేదు. రెండో పాట వేశాం. కోరస్ వచ్చింది, వేగం పెరగలేదు. పెరగదు, గ్రిడ్ మీద ఉంది కదా. వాడే మళ్లీ అన్నాడు, “మా అమ్మ మగ్గం మీద కూర్చునేటప్పుడు క్లిక్ పెట్టుకుంటాదా అన్నా?” అని నవ్వాడు. మేమూ నవ్వాం. తర్వాత ఆర్నెల్లు వాడు కిట్ ముట్టుకోలేదు. ప్రాక్టీస్ అంటే ఏదో ఒక పని చెప్పేవాడు. ‘నేను కొట్టింది పనికిరాలేదు కాబట్టే మార్చారు’ అని వాడు అనుకున్నాడని, చాలా రోజుల తర్వాత వేరేవాళ్ల ద్వారా తెలిసింది.

నెవర్‌మైండ్ లాగా అంటే ఏంటో నాకే తెలీదు

ఆ ఆర్నెల్లలో నేను చేసిన పని, నేను రెఫరెన్స్‌గా ఇచ్చిన ఆల్బమ్ ఎలా తయారైందో చదవడం. ముందు చదివి తర్వాత మెసేజ్ పెట్టాల్సింది. డాక్యుమెంటేషన్ చివర్లో చదివే అలవాటు మా వృత్తిలోనే ఉంది.

నిర్వాణా కథ ఈ విషయానికి దొరికే మంచి ఉదాహరణ, ఎందుకంటే ఒకే బ్యాండ్ నాలుగేళ్లలో మూడు రకాల ప్రొడక్షన్ చూసింది. మొదటి ఆల్బమ్ ‘బ్లీచ్’, 1989. సియాటిల్‌లో జాక్ ఎండినో దగ్గర సుమారు 30 గంటల రికార్డింగ్. మొత్తం బిల్లు 606 డాలర్ల 17 సెంట్లు. ఆ డబ్బు కూడా వాళ్ల దగ్గర లేదు, జేసన్ ఎవర్‌మన్ అనే అతను కట్టాడు. కృతజ్ఞతగా అతన్ని ఆల్బమ్ మీద గిటారిస్ట్‌గా వేశారు, అతను అందులో ఒక్క నోట్ వాయించకపోయినా. (మన కుర్రాళ్లకీ ఇలాంటి ఫ్రెండ్ ఒకడు దొరకాలి.) ఆ ఆల్బమ్ బురదగా ఉంటుంది, బరువుగా ఉంటుంది. ఆ పాటలకి అది సరిపోయింది.

రెండోది నేను ముచ్చటపడ్డ ‘నెవర్‌మైండ్’, 1991. లాస్ ఏంజెలెస్ దగ్గర సౌండ్ సిటీ స్టూడియో, ప్రొడ్యూసర్ బుచ్ విగ్, మిక్సింగ్ ఆండీ వాలెస్. మెరుపు నిజమే. కర్ట్ కోబెయిన్‌కి గొంతు రెండుసార్లు పాడి ఒకదాని మీద ఒకటి వేయడం ఇష్టం లేదు, దొంగతనం లాంటిది అనుకునేవాడు. జాన్ లెనన్ కూడా అలాగే చేశాడని చెప్పి విగ్ ఒప్పించాడు. ‘లిథియం’ పాటలో వేగం పెరిగిపోతోందని డేవ్ గ్రోల్‌కి క్లిక్ కూడా పెట్టారు. అది చదివినప్పుడు మా డ్రమ్మర్ గుర్తొచ్చాడు. అయితే క్లిక్‌తో వాయించింది గ్రోలే. స్టూడియో ఎంత మెరుగు పెట్టినా ఆ డ్రమ్స్ వెనక ఒక మనిషి చెమట పట్టి కొడుతున్నాడని రెండు సెకన్లలో తెలిసిపోతుంది. అయినా సరే, తర్వాత కోబెయిన్ ఆ ఆల్బమ్ పంక్ రికార్డ్ కంటే మాట్లీ క్రూ రికార్డ్‌కి దగ్గరగా ఉందని చిరాకు పడ్డాడు. కోట్లలో అమ్ముడుపోయిన ఆల్బమ్ గురించి!

మూడోది ‘ఇన్ యుటెరో’, 1993. ఈసారి స్టీవ్ ఆల్బినీ దగ్గరికి వెళ్లారు. ఆల్బినీ తనని ప్రొడ్యూసర్ అని పిలిస్తే ఒప్పుకునేవాడు కాదు, ‘రికార్డెడ్ బై’ అని వేయించుకునేవాడు. రాయల్టీ వద్దన్నాడు, ప్లంబర్‌కి ఇచ్చినట్టు పనికి కూలీ ఇస్తే చాలన్నాడు. లక్ష డాలర్లు ఒకేసారి తీసుకుని, ఫిబ్రవరిలో మిన్నెసోటాలోని ప్యాకిడెర్మ్ స్టూడియోలో రెండు వారాల్లో పని ముగించాడు. పద్ధతి సింపుల్. బ్యాండ్ కలిసి వాయిస్తుంది, గది ఎలా మోగుతుందో మైకులు అలా పడతాయి. లేబుల్ వాళ్లకి నచ్చలేదు. చివరికి ‘హార్ట్ షేప్డ్ బాక్స్’, ‘ఆల్ అపాలజీస్’ పాటల్ని స్కాట్ లిట్ రీమిక్స్ చేశాడు. మీ బడ్స్‌లో ఆ రెండు పాటలూ, మిగతా పాటలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి వినండి. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ గ్రాఫ్ చూడటం కంటే ఎక్కువ తెలుస్తుంది. 2024 మేలో ఆల్బినీ చనిపోయినప్పుడు నేను ఆఫీసులో స్టాండప్ మీటింగ్‌లో ఉన్నా. కెమెరా ఆఫ్ చేసుకున్నా.

ఇంత చదివాక నాకు అర్థమైంది ఒకటే. ఖర్చు తక్కువా ఎక్కువా, సౌండ్ మురికా శుభ్రమా అన్నది కాదు గొడవ. గదిలో ఆ నలుగురు చేసింది చివరి ఫైల్ దాకా బతికి వచ్చిందా లేదా. 606 డాలర్లకీ బతికింది, పెద్ద స్టూడియోలోనూ బతికింది. మా 48,000కి చచ్చిపోయింది.

పంక్ అంటే చీప్ రికార్డింగే అనుకునేవాళ్లకి ఇక్కడే ఒక మాట. రామోన్స్ మొదటి ఆల్బమ్, 1976, దాదాపు వారంలో 6,400 డాలర్లతో అయిపోయింది. నిజమే. ఒక పరీక్ష చేయండి. ఆ ఆల్బమ్ పెట్టి ఎడమ బడ్ తీసేయండి, బాస్ మాయమవుతుంది. కుడి బడ్ తీసేయండి, గిటార్ మాయం. పాత స్టీరియో పద్ధతిలో ఒకటి ఇటు, ఒకటి అటు పెట్టేశారు. బడ్స్‌లో లెఫ్ట్ రైట్ బ్యాలెన్స్ చెక్ చేయడానికి ఇంతకంటే మంచి ఆల్బమ్ నాకు దొరకలేదు. అదే బ్యాండ్ 1980లో ఫిల్ స్పెక్టర్‌తో ‘ఎండ్ ఆఫ్ ది సెంచరీ’ చేసింది. ఒక పాటలో మొదటి కార్డ్‌నే గంటల తరబడి వాయింపించాడని బ్యాండ్ వాళ్లు తర్వాత చెప్పుకున్నారు. అమెరికా చార్టుల్లో వాళ్లు అందుకున్న అతి పెద్ద స్థానం ఆ ఆల్బమ్‌దే. నేను మాత్రం మొదటిదే వింటా.

మరి సెక్స్ పిస్టల్స్? 1977లో వచ్చిన వాళ్ల ఒకే ఒక్క స్టూడియో ఆల్బమ్‌ని క్రిస్ థామస్, బిల్ ప్రైస్ చేశారు. గిటార్ మీద గిటార్ మీద గిటార్, గోడ కట్టినట్టు. బాస్ కూడా చాలావరకు గిటారిస్ట్ స్టీవ్ జోన్సే వాయించాడు, ఎందుకంటే సిడ్ విషస్‌కి వాయించడం సరిగా రాదు. శుభ్రంగా, ఖరీదుగా చేసిన పని. అయినా దాన్ని పంక్ కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

గట్టిగా ఉంటే గొప్పా?

ఇది మన గ్యాడ్జెట్ వాళ్లకి నేరుగా సంబంధించిన భాగం. 2008లో మెటాలికా ‘డెత్ మ్యాగ్నెటిక్’ వచ్చింది. ఆల్బమ్‌ని ఎంత గట్టిగా నొక్కేశారంటే డ్రమ్స్ దగ్గర పగిలిన స్పీకర్ లాంటి చిరచిర వినిపిస్తుంది. అదే సమయంలో ‘గిటార్ హీరో’ గేమ్ కోసం అవే పాటలు విడిగా ఇచ్చారు. గేమ్‌లో సీడీ కంటే సౌండ్ బాగుందని ఫ్యాన్స్ కనిపెట్టారు, ఎందుకంటే గేమ్ ఫైల్స్ అంతగా నొక్కలేదు. మళ్లీ మిక్స్ చేయమని వేల మంది పిటిషన్ మీద సంతకాలు పెట్టారు. పాటలు అవే, వాయించినవాళ్లు అవే, చివరి మెట్టు మాత్రమే వేరు.

హిందూపురం నుంచి నాకు తెలిసిన ఒక సీనియర్ అన్న 2011 అక్టోబర్‌లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికాని చూసి వచ్చాడు. అప్పుడు నేను స్కూల్లో ఉన్నా. ఆయన మాట ఇంకా గుర్తు. “స్నేర్ కొడితే పొట్టలో తగుల్తాదిరా, ఫోన్లో అది రాదు.” ఫోన్ తప్పనుకున్నా అప్పుడు. సగం ఫోన్ తప్పు, సగం మాస్టరింగ్ తప్పు.

ఎలాగంటే, స్నేర్ దెబ్బ అన్నది చుట్టూ ఉన్న సౌండ్ కంటే ఒక్క క్షణం చాలా పైకి లేచే శిఖరం. పాటని గట్టిగా చేయాలంటే లిమిటర్ ఆ శిఖరాన్ని నరికి, మిగతా నేలంతా పైకి లేపుతుంది. ఇప్పుడు స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో అన్ని పాటల్నీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ చుట్టుపక్కలకి తెచ్చి వినిపిస్తుంది. మా మైనస్ 7 పాటని అది 7 డీబీ కిందికి దించుతుంది. అంటే గట్టితనం కోసం శిఖరాలు నరుక్కున్నాం, యాప్ వచ్చి ఆ గట్టితనాన్నీ తీసేసింది. మిగిలింది బల్లపరుపు మైదానం. ఎల్‌డీఏసీ 990 కేబీపీఎస్ మీద ఆ మైదానాన్ని ఎంతో నమ్మకంగా మన చెవికి తెచ్చి ఇస్తుంది. అందుకే 20,000 రూపాయల బడ్స్‌లో కూడా ఏ తేడా లేదు.

ఇంకో సంగతి, ఇది పూర్తిగా మనదే. ఫైల్స్ మళ్లీ మళ్లీ వింటే నాకు వింతగా అనిపించింది గొంతు. అందరికంటే ముందు, అందరికంటే పైన, ప్రతి అక్షరం స్పష్టంగా. మన సినిమా పాటల మిక్సింగ్ అది. హీరో పెదాలు కదలాలి, సాహిత్యం వినపడాలి, మిగతాదంతా వెనక. దానికి దాని న్యాయం ఉంది. మన చెవులు పెరిగిందే దానిమీద. తెలుగు ఊళ్లకి రాక్ గిటార్ మైక్ సెట్లలో చేరిందే సినిమా ద్వారా. 1999లో ‘తమ్ముడు’కి రమణ గోగుల చేసిన పాటలు మా అన్నయ్యల తరానికి మొదటి డిస్టార్షన్ గిటార్. వాటిలో కూడా గొంతు సింహాసనం మీదే ఉంటుంది. రాక్ బ్యాండ్‌లో గొంతు గుంపులో ఒకడు. గిటార్‌తో తోసుకుంటూ, డ్రమ్స్ మీదుగా అరిస్తేనే ఆ అరుపుకి అర్థం. మా పాటలో మావాడు ఏసీ గదిలో నిలబడి అరుస్తున్నాడు, ఎవరూ అడ్డు లేరు. మరి ఎందుకు అరుస్తున్నట్టు?

ఆషాఢంలో కల్యాణ మండపం

మళ్లీ రికార్డ్ చేద్దామన్న ఆలోచన లెడ్ జెపెలిన్ వల్ల వచ్చింది. 1971లో వాళ్ల ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ పాటకి డ్రమ్స్‌ని ఇంగ్లండ్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంట్లో, మెట్ల కింద హాల్లో పెట్టారు. ఇంజినీర్ ఆండీ జాన్స్ రెండు మైకులు మెట్ల పైనుంచి వేలాడదీశాడు. రెండే. ఆ డ్రమ్ సౌండ్‌ని తర్వాత ఎంతమంది శాంపిల్ చేసుకున్నారో లెక్క లేదు. డబ్బుతో కొనలేని ఎఫెక్ట్ అక్కడ మెట్లు ఇచ్చాయి.

మెట్లున్న పెద్ద హాలు మాకెక్కడ దొరుకుతుంది అని ఆలోచిస్తుంటే బాసిస్ట్ అన్నాడు, ఆషాఢం కదా, మండపాలన్నీ ఖాళీ. పెనుకొండలో వాళ్ల బంధువులకి తెలిసిన కల్యాణ మండపం రోజుకి 1,500కి ఇచ్చారు, కరెంటు వేరే. నా దగ్గర రెండు ఛానెళ్ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ ఉంది. రెండు మైకులు అరువు తెచ్చాం.

కష్టమైంది డ్రమ్మర్‌ని పిలవడం. ఫోన్ చేస్తే తీయడని ధర్మవరం వెళ్లా. వాళ్లమ్మ మగ్గం మీదే ఉన్నారు, “వచ్చినావా నాయనా, కూర్చో” అని చెయ్యి ఆపకుండానే అన్నారు. వాడు టీ తెచ్చాడు. నేను ఆ వాట్సాప్ మెసేజ్ వాడికి చూపించా. తప్పు వినపడకూడదు అన్న లైన్. వాడు చదివి ఫోన్ తిరిగిచ్చి, “అంటే నా చెయ్యి బాగలేక కాదా?” అన్నాడు. కాదన్నా. నేనే అడిగానని చెప్పా. వాడు కాసేపు గమ్మునుండి, “ముందే చెప్పింటే ఐపోవు కదన్నా” అన్నాడు. అంతే.

మండపంలో ఒక మైక్ కిట్ ముందు నాలుగడుగుల దూరంలో, రెండోది మెట్ల పైన, రైలింగ్‌కి బట్ట చుట్టి కట్టాం. గిటార్, బాస్ యాంప్‌లు కూడా అదే హాల్లో. ఒకదాని సౌండ్ ఇంకోదాని మైక్‌లో పడుతుంది, పడనీ. గొంతు ఒక్కటే తర్వాత తీద్దామనుకున్నాం. లెవెల్స్ మాత్రం జాగ్రత్తగా, అతి గట్టి దెబ్బ కూడా మైనస్ 12 డీబీ దాటకుండా పెట్టా. ఇంట్లో రికార్డ్ చేసేవాళ్లకి నేనిచ్చే సలహా ఇదొక్కటే. 24 బిట్ రికార్డింగ్‌లో తక్కువ లెవెల్ వల్ల పెద్దగా నష్టం లేదు, ఒకసారి క్లిప్ అయిందంటే ఎవరూ బాగు చేయలేరు.

వాడు వచ్చి కూర్చుని స్నేర్ మీద ఒక్క దెబ్బ కొట్టి, హాలంతా మోగి చల్లారేదాకా ఆగాడు. తర్వాత చుట్టూ చూసి, “క్లిక్ యాడుందన్నా?” అన్నాడు.

“లేదు.”

ఇంటికొచ్చి లెక్కేస్తే మొదటి పాట 148 బీపీఎం దగ్గర మొదలై చివరి కోరస్‌లో 156 దాకా వెళ్లింది. మాస్టర్ మైనస్ 13 దగ్గర ఆపేశా. ఇందులోనూ తప్పులున్నాయి. రెండో కోరస్‌లో నా గిటార్ ఒక బార్ వెనకపడింది, బాస్ కొన్నిచోట్ల హాల్లో కలిసి గుయ్యిమంటుంది, ఇంకోసారి చేస్తే యాంప్ మూలకి పెట్టను. సెల్టోస్‌లో వేసి విన్నాం. స్టూడియో పాటలా మొదటి ముప్పై సెకన్లు ఒళ్లు జలదరించలేదు, మెల్లగా ఎక్కింది. డ్రమ్మర్ ఈసారి ఏమీ అడగలేదు, వాల్యూమ్ పెంచమన్నాడు.

మూడో టేక్ మధ్యలో వాచ్‌మన్ తాత ఇనుప గేటు తీసిన చప్పుడు పడింది. సరిగ్గా బీట్ మీద పడింది కాబట్టి ఉంచేశాం. ఒక్కరోజులో రెండు పాటలే అయ్యాయి. ఇంకా రెండు ఉన్నాయి. శ్రావణం రాగానే మండపం పెళ్లిళ్లకి బుక్ అయిపోయింది, ఇక వచ్చే ఆషాఢం దాకా ఆగాలి. మధ్యలో మూఢం ఏమైనా వస్తుందేమోనని బాసిస్ట్ పంచాంగం చూస్తున్నాడు.